పేస్‌మేకర్‌లోకి నీళ్ళు పోతాయా?

"సార్, మా నాయనకు గుండె సరిగ్గా కొట్టుకునేందుకు పేస్‌మేకర్ పెట్టినారు, తుంగభద్రలో మునిగితే దాంట్లోకి నీళ్ళు పోతాయంటాండారు, నిజమేనా" అని కర్నూలు నుంచి ఒకాయన అడిగినాడు. కుట్లు పూర్తిగా మానినాక మునిగితే ఏమీ కాదు. మన ఒళ్ళంటేనే ఉప్పునీళ్ళు, ఆ పెట్టె రేయింబవళ్ళు నానేది వాటిలోనే, నది నీళ్ళు చర్మం దాటి రావు. ఇట్లాంటి భయాలు పెట్టేవాళ్ళు అసలు భయపడాల్సిన చోటు ఏదో మాత్రం చెప్పరు, అది ఒంట్లోని తేమ దూరే పెట్టె సందు.

1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి ఒంటి లోపల పెట్టిన మొదటి పేస్‌మేకర్‌ని ఎపాక్సీ అనే ప్లాస్టిక్‌లో పోతపోసినారు. ప్లాస్టిక్ ఎంత గట్టిదైనా నీటి ఆవిరి మెల్లగా దూరతాది, అందుకే ఇప్పుడు టైటానియం పెట్టె, లేజర్ వెల్డింగ్.

మరి వెల్డింగ్‌లో సందు లేదని ఎట్లా తెలిసేది? పంక్చర్ షాపులో ట్యూబు తొట్టిలో ముంచి బుడగలు చూస్తారే, అదే పని ఇక్కడ 125 డిగ్రీల ఫ్లోరోకార్బన్ ద్రవంలో చేస్తారు. కానీ బుడగ వచ్చేది పెద్ద సందుకే. సన్న సందుకైతే పెట్టెను ముందు ప్రెషర్‌లో ఉన్న హీలియంలో గంటల తరబడి ఉంచి, తీసి, వాక్యూమ్‌లో పెట్టి, లోపలికి దూరిన హీలియం బయటికొస్తాందేమో మాస్ స్పెక్ట్రోమీటర్‌తో, అంటే వాయువులను వాటి బరువును బట్టి గుర్తుపట్టే మెషిన్‌తో, చూస్తారు. గాల్లో హీలియం పది లక్షల్లో అయిదు వంతులే కాబట్టి దొంగ ఈజీగా దొరుకుతాడు. ఒక చిక్కుంది, సందు మరీ పెద్దదైతే మెషిన్‌లో పెట్టేలోపే హీలియం అంతా పోయి "లీకు లేదు" అని వస్తాది, అందుకే రెండు టెస్టులూ చేయాల్సిందే, అదీ హీలియమే ముందు, ద్రవంలో ముందు ముంచితే సన్న సందులు పూడిపోతాయి.

నాకు నిద్ర పట్టనీయని లెక్క ఇంకోటుంది. లోపలి ఖాళీని లీకు వేగంతో భాగించండి, బయటి ఆవిరి లోపల నిండేందుకు ఎంత కాలం పడతాదో సుమారుగా వస్తాది. 10 సీసీ ఖాళీ, సెకనుకు సీసీలో వంద కోట్లో వంతు లీకు అనుకుంటే 1000 కోట్ల సెకన్లు, అంటే దాదాపు 317 ఏళ్ళు! అదే లీకు ఒక ఘన మిల్లీమీటరు ఖాళీ ఉన్న బుల్లి ఇంప్లాంట్‌కు (ఒంట్లో పెట్టే పరికరానికి) ఉంటే పదకొండున్నర రోజులే. లోపల తేమ 5000 పీపీఎం, అంటే పది లక్షల్లో 5000 వంతులు, దాటకూడదంటారు, ఎందుకంటే ఆ లోపల ఉంటే చల్లబడినా మంచుగా గడ్డకడతాదే గానీ నీటిచుక్క కాదు, నీటిచుక్క లేకుంటే లోహం తుప్పు పట్టదు. 37 డిగ్రీల ఒంట్లో బయట ఆవిరి దానికి పన్నెండింతలు, కాబట్టి ఆ బుల్లి ఇంప్లాంట్‌లో ఆ హద్దు ఒకటి రెండు రోజుల్లోనే దాటిపోతాది. పదేళ్ళు నిలవాలంటే ఇంకో నాలుగు వేల రెట్లు సన్న లీకు పట్టుకోవాల, అక్కడ మామూలు హీలియం మెషిన్ చేతులెత్తేస్తాది.

అందుకే ఇట్లాంటి బుల్లి పెట్టెలను పరీక్షించేందుకు లోపలే తేమ సెన్సార్ పెట్టేస్తాండారు. పక్కపక్కనే సన్నటి లోహపు గీతలు, తేమ చేరేకొద్దీ వాటి మధ్య కెపాసిటెన్స్ (కరెంటు చార్జిని పట్టి ఉంచే గుణం) మారతాది, ఆ పెట్టెను వేడి ఉప్పునీళ్ళలో నెలల తరబడి నానబెట్టి ఆ మార్పు చూసుకుంటా పోతారు.