తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పిల్లలూ,

యోకొహామాలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలుండి వచ్చిన రోజున మీరు నన్ను మన బిల్డింగు మెట్ల దగ్గరే పట్టుకుని, "తాతయ్యా, జపాన్ బాగుంటుందా, మన దేశం బాగుంటుందా?" అని అడిగారు. సామాన్లు దింపుకునే హడావుడిలో "రెండూ బాగుంటాయర్రా" అనేశాను. అది జవాబు కాదని నాకే తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

జపాన్ పేరు నాకు కొత్త కాదు. 1978లో నేను విశాఖ పోర్టులో చేరేనాటికి బైలడిల్లా కొండల ఇనప ఖనిజం కిరండోల్ నుంచి కొత్తవలస మీదుగా రైళ్ళలో దిగేది. రెండేళ్ళ ముందే మొదలైన ఔటర్ హార్బరులో ఓడలకెక్కి జపాన్ ఉక్కు కర్మాగారాలకి పోయేది. 1960లలో ఆ రైలు దారి వేసిందే అందుకోసం. సాయంత్రానికి చొక్కా కాలరంతా ఎర్రదుమ్ము. ఆ ఖనిజం కొనుక్కునేవాళ్ళు ఎలా బతుకుతారో కళ్ళారా చూడడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

డబ్బు సంగతి ముందు తేల్చేస్తాను. అక్కడి జీతాన్ని రూపాయల్లోకి మార్చి నోరెళ్ళబెట్టకండి. యోకొహామాలో క్రాఫు చేయించుకుంటే 1,400 యెన్లయింది. మన లెక్కలో ఏడెనిమిది వందలు. మన వీధి చివర షాపులో అదే క్రాఫు 120 రూపాయలు. జుట్టు అదే, కత్తెర అదే! అందుకే దేశాలను పోల్చేవాళ్ళు మారకపు రేటుతో సరిపెట్టుకోరు, చేతిలో డబ్బుకి ఎంత సరుకు వస్తుందో చూస్తారు. అలా చూసినా వాళ్ళు మనకంటే చాలా పైనే ఉన్నారు.

ఇక ఆయుర్దాయం. జపాన్‌లో ఆడవాళ్ళకి 87 ఏళ్ళు, మగవాళ్ళకి 81. మన దేశంలో 72 దాకా. 1950 ప్రాంతంలో మనది 32 ఏళ్ళే. అంటే అందరూ ముప్పై రెండుకే పోయేవారని కాదు. మా నాయనమ్మకి తొమ్మిది కాన్పులు, బతికి బట్టకట్టింది ఐదుగురు. ఏడాది నిండకుండా పోయిన ఆ నలుగురూ లెక్కలోకి వస్తే, ఎనభై దాటిన మా పెద్దనాన్నని కలుపుకున్నా సగటు కిందికి పడిపోతుంది. సగటు పెరిగిందంటే ముందుగా పసివాళ్ళు దక్కుతున్నారని అర్థం.

జపాన్‌కి కూడా 1947లో మగవాళ్ళకి 50, ఆడవాళ్ళకి 54 ఏళ్ళే ఉండేవి. అంతకు రెండేళ్ళ ముందే, 1945 మే నెలలో, బాంబులు పడి యోకొహామా తగలబడిపోయింది. ఆ దేశమే 1961కల్లా ప్రతి మనిషికీ ఆరోగ్య బీమా ఉండేలా చేసింది. అప్పటికి వాళ్ళింకా ఇప్పుడున్నంత కలిగినవాళ్ళు కారు. నాలుగు డబ్బులు వచ్చాక చూద్దాంలే అని ఆగలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అక్కడ మా మనవడికి చెవిపోటు వస్తే క్లినిక్‌కి వెళ్ళాం. అమ్మాయి ఒక కార్డు చూపించింది, నంబరు చీటీ ఇచ్చారు, మా వంతు రాగానే పిలిచారు. ఎవరి పేరూ చెప్పలేదు, ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

అంతకుముందు ఏడాది ఇక్కడ ఒక ఆస్పత్రిలో మీ మామ్మకి స్కానింగ్ రాశారు. పొద్దున ఏడింటికి వెళ్ళినవాళ్ళం మధ్యాహ్నం రెండయినా బెంచీ మీదే. చివరికి ఒక పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో లోపలికి పిలిచారు. మా పక్కన పాడేరు నుంచి వచ్చిన ముసలామె ఉంది, మాకంటే ముందు వచ్చింది. చేతిలో చీటీని నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది. మేం లేస్తుంటే, దారివ్వడానికి కాళ్ళు పక్కకి జరుపుకుంది. ఆ కాళ్ళు నాకింకా కళ్ళ ముందే ఉన్నాయి.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక ఎన్నో పేద కుటుంబాలు అప్పు చెయ్యకుండా ఆపరేషన్లు చేయించుకున్నాయి. అది తక్కువ సంగతేం కాదు. కానీ మన దగ్గర ఏ పనికి బయల్దేరినా ముందు వచ్చే ప్రశ్న "తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అనే కదా! తెలిసినవాళ్ళు లేని మనిషికి ఏం దక్కుతుందో చూస్తే ఆ దేశంలో బతుకు ఎలాంటిదో తెలుస్తుంది.

రోడ్డు దగ్గరా అంతే. అక్కడ ఒకటో తరగతి పిల్లలు పసుపురంగు టోపీలు పెట్టుకుని, పెద్దవాళ్ళెవరూ లేకుండా వరసగా బడికి నడిచిపోతారు. రోడ్డు దాటే చారల దగ్గర ఒక పాప చెయ్యెత్తింది, కారు ఆగింది. అవతలికి దాటాక వెనక్కి తిరిగి డ్రైవరుకి తల వంచి నమస్కారం పెట్టింది. మద్దిలపాలెంలో మీ అమ్మలు మీ మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుంటారో గుర్తుచేసుకోండి.

అక్కడ నాకు నచ్చనిది కూడా చెప్పాలి. మా అమ్మాయి పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. మూడు నెలల్లో ఆ ఇంటికి ఒక్క మనిషి రావడం నేను చూడలేదు. ఒంటరిగా చనిపోయి, రోజులు గడిచాక గానీ బయటపడని చావుకి వాళ్ళ భాషలో ఒక మాటే ఉంది, కొదొకుషి. 1949లో 27 లక్షల మంది పిల్లలు పుట్టిన దేశంలో 2023లో పుట్టింది 7 లక్షల 27 వేల మంది. పిల్లల్లేక బళ్ళు మూసేస్తున్నారు.

ఇక్కడ నా తలుపుకి ఎనిమిదింటిదాకా పాల సంచి వేలాడితే ఎదురింటావిడ బెల్లు కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మీరింకా పుట్టలేదు. రోజుల తరబడి కరెంటు లేదు. మీ నాన్నలు కింద నుంచి బకెట్లతో నీళ్ళు మోసి ముందు మా ఇంట్లో పోశాకే వాళ్ళిళ్ళకి పట్టుకెళ్ళారు.

అయినా పట్టుబట్టి అడిగితే, జపానే ముందుందంటాను. ఎదురింటావిడ నాకుంది గానీ, ఆ బెంచీ మీద పాడేరు ముసలామెకి లేదు.

ఆదివారం పొద్దున్నే ఐదున్నరకి కిందికి రండి. ఆ వేళ ఆర్కే బీచ్ రోడ్డు మీదకి బళ్ళని రానివ్వరు. చెయ్యి పట్టుకోను, మీరే ముందు నడవండి.

మీ
మూడో అంతస్తు తాతయ్య