తడి చెత్త నుంచి గ్యాస్: లక్నోలో ఎందుకు ఆగింది, ఇండోర్‌లో ఎలా నడిచింది

2021 జనవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ ప్రస్తావించాక బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ పేరు దేశమంతా వినబడింది. అక్కడి బయోగ్యాస్ ప్లాంటులో రోజుకు దాదాపు 10 టన్నుల కుళ్లిన కూరగాయల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీశారు. టెక్నాలజీ హైదరాబాద్‌లోని కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలది.

గాలి చొరబడని ట్యాంకులో బ్యాక్టీరియాతో కుళ్లబెట్టి మీథేన్ అనే మండే వాయువు తీయడం మనకు కొత్తేమీ కాదు. 1960లలోనే ఖాదీ కమిషన్ గోబర్ గ్యాస్‌ను పల్లెలకు చేర్చింది. పేడతో ఇబ్బంది లేదు, అందులో ప్లాస్టిక్ కవర్లు, గాజు పెంకులు ఉండవు. పట్నం చెత్తలో అన్నీ ఉంటాయి. చిక్కంతా అక్కడే.

2003లో లక్నోలో చెత్త గ్యాస్‌తో కరెంటు తీసే 5 మెగావాట్ల ప్లాంటు మొదలైంది. రోజుకు 300 టన్నుల దాకా చెత్త వస్తుందన్న లెక్కతో కట్టారు. వచ్చిన చెత్తలో మట్టి, రాళ్లు, ప్లాస్టిక్ కలిసిపోయి ఉన్నాయి. డైజెస్టర్‌లో, అంటే చెత్త కుళ్లే ట్యాంకులో, ఇసుక అడుగున పేరుకుపోతుంది, ప్లాస్టిక్ పంపులకు అడ్డం పడుతుంది. కొద్దికాలానికే ప్లాంటు మూతపడింది. 2005లో సుప్రీంకోర్టు ఇలాంటి ప్రాజెక్టులకు కేంద్ర సబ్సిడీలు ఆపేసింది. 2007లో ఐదు పైలట్ ప్రాజెక్టులకే దారి ఇచ్చింది. అప్పట్లో చాలామంది టెక్నాలజీనే అనుమానించారు. నా దృష్టిలో మాత్రం అసలు లోపం చెత్త సేకరణలో ఉంది.

చెత్త నిర్వహణపై కేంద్రం తెచ్చిన 2000 నాటి నిబంధనలు తడి, పొడి వేరు చేయమని జనాన్ని ప్రోత్సహించాలని మున్సిపాలిటీలకు చెప్పి ఊరుకున్నాయి. 2016 నిబంధనలు వచ్చాకే అది ప్రతి ఇంటి బాధ్యత అయింది.

దాన్ని గట్టిగా పట్టుకున్న నగరం ఇండోర్. చెత్తబండి దగ్గరే వేరుచేసి ఇవ్వడం ముందు జనానికి అలవాటు చేసింది, ప్లాంటు ఆ తర్వాత వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఆ ప్లాంటు సామర్థ్యం రోజుకు 550 టన్నుల తడి చెత్త. దాన్నుంచి 17 వేల కిలోల సీఎన్‌జీ, 100 టన్నుల ఎరువు తీయాలన్నది లక్ష్యం. ఆ గ్యాస్ సిటీ బస్సులకు వెళ్తుంది.

బోయిన్‌పల్లిలో చెత్త వేరుచేసే కష్టం పెద్దగా లేదు, మార్కెట్లో పోగయ్యేదే కూరగాయల చెత్త. ఇళ్ల నుంచి వచ్చే తడి చెత్త సంగతి వేరు. గుట్టలుగా పడేసినా అది కుళ్లి మీథేన్ పుట్టిస్తుంది, కాకపోతే ఆ గ్యాస్ గాల్లో కలిసి, కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కొత్త ప్లాంటుకు టెండర్లు పిలిచే ముందు, జనం రెండు బుట్టల్లో వేరుచేసి ఇచ్చిన చెత్తను మళ్లీ ఒకే లారీలో కలిపేయడం ఆపాలి.