మెక్సికో ద్వీపం కోజుమెల్‌లో ఓడ దిగాక: అపోహలు - వాస్తవాలు

అపోహ: క్రూయిజ్ ఓడ ఎనిమిది గంటలు ఆగుతుంది కదా, పాత మాయన్ నగరం తులుం కూడా చూసి రావచ్చు.

వాస్తవం: దిగడం, ఎక్కడం పోగా మిగిలేది ఆరు గంటలే. తులుం ఈ ద్వీపంలో లేదు, అవతలి ఒడ్డున ఉంది. ఫెర్రీలో ప్లాయా దెల్ కార్మెన్‌కు ముప్పావు గంట, అక్కడి నుంచి రోడ్డు మీద దాదాపు గంట. ఫెర్రీ కోసం ఆగే సమయం కూడా కలిపితే, రానూపోనూ నాలుగు గంటలు దాటిపోతుంది. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు కూడా. మాయన్ల కట్టడాలే చూడాలంటే ద్వీపంలోనే సాన్ హెర్వాసియో ఉంది, ఇష్‌చెల్ దేవతను కొలిచిన చోటు. అక్కడివి చిన్న కట్టడాలే, కానీ తీరిగ్గా చూడవచ్చు.

అపోహ: టైం ఫోన్‌లో చూసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: ఓడను అందుకోలేకపోవడానికి ఇదో పెద్ద కారణం. కోజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రంలో 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకటే టైం. ఫ్లోరిడాలో మాత్రం మార్చి నుంచి నవంబరు దాకా గడియారం గంట ముందుకు జరుపుతారు. ఆ నెలల్లో అక్కడి మయామి నుంచి వచ్చిన ఓడ తన టైం మార్చుకోకపోతే, ఒడ్డున మీ ఫోన్ నాలుగు చూపేసరికి ఓడలో ఐదవుతుంది. దిగేముందే మామూలు చేతి గడియారానికి ఓడ టైం పెట్టుకోండి. ఓడవాళ్ల టూర్ ఆలస్యమైతే వాళ్లే చూసుకుంటారు, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం మాత్రం ఓడ ఆగదు.

అపోహ: చిన్న ద్వీపమే, ఎక్కడైనా ఈదొచ్చు.

వాస్తవం: పడమటి తీరంలో అలలు తక్కువ. తూర్పు తీరానికి అడ్డేమీ లేదు, అలలూ లోపలికి లాగే ప్రవాహాలూ బలంగా ఉంటాయి. అటు వెళితే రాళ్లు అడ్డున్న చెన్ రియో లాంటి చోటే దిగండి. పడమట కూడా ప్రవాహం ఉంటుంది, ఎక్కువగా ఉత్తరం వైపు. అందుకే స్నార్కెలింగ్‌కు (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీళ్లలోకి చూస్తూ ఈదడానికి) దిగేముందు అది ఎటు లాగుతోందో గమనించి, ఓపిక ఉన్నప్పుడే ఎదురీది, తిరుగుదారిలో దాని వెంట రండి. ఈత బాగా వచ్చినా లైఫ్ జాకెట్ వదలొద్దు.

అపోహ: సన్‌స్క్రీన్ మీద ‘బయోడిగ్రేడబుల్’ అని ఉంటే పగడాలకు హాని లేదు.

వాస్తవం: ఆ మాట హామీ కాదు. అక్కడి మెరైన్ పార్కులో అసలు పూసుకోకుండానే దిగాలి, పొడుగు చేతుల ఈత చొక్కా చాలు. ఎల్ సియెలో అనే లోతు తక్కువ చోట నక్షత్ర చేపల్ని ఫొటో కోసం పైకి తీయకండి, ప్లీజ్. అవి ఊపిరి తీసుకునేది నీళ్లలోనే.

అపోహ: ట్యాక్సీవాడు మీటరు వేస్తాడు.

వాస్తవం: మీటర్లుండవు, చోటును బట్టి రేటు. అది బండికా, మనిషికా, డాలర్లా, పెసోలా, ఒకవైపుకా అని ఎక్కకముందే అడగండి. మీ ఓడ పుంటా లంగోస్టాలో ఆగితే ట్యాక్సీ అక్కర్లేదు, రేవు ఊళ్లోనే ఉంది. మిగతా రెండు రేవులు దక్షిణాన నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి.