"కటింగ్‌లో ఉన్నా మేడమ్": జిమ్ తిండిపై అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో డైటీషియన్‌గా పని చేస్తున్నాను. ఒళ్లు పెంచే "బల్కింగ్" కుర్రాళ్లు, కొవ్వు కరిగించే "కటింగ్" కుర్రాళ్లు ఇద్దరూ వస్తారు. ఆర్నెల్లు ఆగి చూస్తే వాళ్లే వీళ్లు.

అపోహ: తిండికి సంబంధించిన మానసిక జబ్బులు సన్నబడాలనుకునే ఆడపిల్లలకే వస్తాయి.

వాస్తవం: మగపిల్లలకూ వస్తాయి. కాకపోతే ఇంట్లో ఎవరూ కనిపెట్టరు. "తాగడు, సిగరెట్ ముట్టడు, జిమ్ పిచ్చొక్కటే మేడమ్" అని ఓ తల్లి సంతోషంగానే చెప్పింది. కొడుకు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం (గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను). బ్యాగులోంచి చిన్న డిజిటల్ కాటా తీసి నా టేబుల్ మీద పెట్టాడు. చికెన్, అన్నం, ఆఖరికి ఊరిబిండి కూడా దానిమీద తూచాకే నోట్లోకి. అక్క పెళ్లిలో ఓళిగలు వడ్డించే వేళకు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ రాత్రి రెండింటికి వంటింట్లో నిలబడే పదకొండు తిన్నాడు. మర్నాడంతా పస్తు, పైగా రెండు పూటలా జిమ్. రాత్రి తిన్న ఆ తిండికి వాడు పెట్టుకున్న పేరు "చీట్ మీల్".

చొక్కా చేతులు బిగుసుకుపోయి ఉన్నాయి. అద్దంలో మాత్రం ఇప్పటికీ బక్కగానే కనిపిస్తున్నాడట. ఇలాంటి సమస్యను మజిల్ డిస్మార్ఫియా అంటారు. సైకియాట్రిస్టులు వాడే డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల పుస్తకంలో 2013లోనే దీన్ని చేర్చారు. అది తేల్చడం నా పని కాదు కాబట్టి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను. తల్లికి ఆ మాట అస్సలు నచ్చలేదు.

అపోహ: రాత్రిపూట అదుపు తప్పి తింటున్నాడంటే విల్‌పవర్ లేనట్టే.

వాస్తవం: 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో అన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆర్నెల్ల పాటు తిండి బాగా తగ్గించి చూశాడు. వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు, కంచాలు నాకారు. మళ్లీ తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా ఆపుకోలేకపోయారు. అందుకే నేను ముందు మాన్పించేది అర్ధరాత్రి తిండిని కాదు, పగటి పస్తును.

అపోహ: పచ్చసొన పారేయాలి.

వాస్తవం: గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటే రెండున్నర దాకా పచ్చసొనలోనే ఉంది.

అపోహ: ఎంత ప్రొటీన్ తింటే అంత కండ.

వాస్తవం: బరువులెత్తేవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాములు దాటాక పెద్దగా ఒరిగేదేమీ లేదు. 65 కిలోలుంటే 104 గ్రాములు. గుడ్లు, చికెన్, పెరుగు, చెనిక్కాయలు, ఉలవ గుగ్గిళ్లతో చాలావరకు వచ్చేస్తుంది. (ఉలవచారును లెక్కలో వేయకండి, అందులో నీళ్లే ఎక్కువ.) ప్రొటీన్ కోసమని సంగటి మానేస్తే బరువులెత్తే సత్తువ ఎక్కడి నుంచి వస్తుంది?

అపోహ: లైంగిక కోరికలు తగ్గితే టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్ వేసుకోవాలి.

వాస్తవం: కటింగ్ మితిమీరితే శరీరమే ఆ హార్మోన్ తగ్గించేస్తుంది. బయటి నుంచి ఎక్కిస్తే సొంతంగా తయారయ్యేది ఇంకా పడిపోతుంది. దీనితోపాటు నిలబడగానే కళ్లు తిరగడం, మన మే నెల ఎండల్లోనూ చలివేయడం, నాడి నెమ్మదించడం ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో చెప్పుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ అబ్బాయి కాటా ఇప్పుడు నా డ్రాయర్లో ఉంది. వచ్చినప్పుడల్లా తీయించి, ఉందో లేదో చూసుకుని, మళ్లీ నాకే ఇచ్చి పోతాడు.