ఆపిన తరంగాలతో బ్యాటరీ నిండదు

మొన్న ఒకావిడ ఫోన్ చేశారు. చంటిబిడ్డ తల్లి. "ఫోన్ రేడియేషన్‌ని ఆపి, దాంతోనే బ్యాటరీ నింపే స్టిక్కర్ కొన్నాను, పని చేస్తుందా అండీ?" అని అడిగారు. మాక్సీన్ అనే, లోహంలా కరెంటుని పోనిచ్చే పలుచటి పొరల పదార్థంతో చేసిన ఫిల్ములతో పని చేసే నాకు ఈ ప్రశ్న విని విని విసుగొచ్చింది, ఆవిడ మీద కాదు, అమ్మినవాళ్ల మీద.

అపోహ: షీల్డింగ్ పదార్థం, అంటే తరంగాలకి అడ్డుపడే పదార్థం, తాను ఆపిన తరంగాలనే కరెంటుగా మార్చి దాచుకుంటుంది.

వాస్తవం: ఒకే ఫిల్ము షీల్డింగూ చేస్తుంది, ఛార్జినీ దాస్తుంది. కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి శక్తి పోదు. 2011లో వెలుగులోకి వచ్చిన టైటానియం కార్బైడ్ మాక్సీన్‌కి లోహంలాంటి వాహకత ఉంది. అందుకే తరంగం చాలావరకు పైనుంచే వెనక్కి మళ్లుతుంది, లోపలికి దిగింది వేడైపోతుంది. పొరల మధ్య అయాన్లు (ఛార్జి ఉన్న కణాలు) దూరే చోటుంది కాబట్టి ఛార్జి నిలుస్తుంది. ఇక సెల్ఫ్ ఛార్జింగ్ కావాలంటే పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ లాంటి పీజోఎలక్ట్రిక్ పొర, అంటే నొక్కితే కరెంటు పుట్టించే పొర, విడిగా ఉండాలి, దాన్ని ఎవరో నొక్కాలి, వంచాలి. శక్తి మీ నడకది, మీ చేతిది. అదీ మైక్రోవాట్లలో. ఫోన్ బ్యాటరీలో పట్టేది సుమారు 54,000 జౌళ్లు. 10 మైక్రోవాట్లు ఆగకుండా అందినా అది నిండడానికి 170 ఏళ్లు కావాలి. చిన్న సెన్సర్‌కి మాత్రం ఆ కాస్తే ప్రాణం, మా ఆశంతా అక్కడే.

ఒకసారి ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి పరుగున వచ్చింది. "సార్, ముట్టుకోకుండానే వోల్టేజీ పెరుగుతోంది!" రెండు కొసలూ కలిపి (షార్ట్ చేసి) సున్నాకి తెచ్చిన సూపర్ కెపాసిటర్, అంటే ఛార్జిని దాచే పరికరం, అది. మల్టీమీటర్‌లో 3, 11, 24 మిల్లీవోల్టులు... పక్కనే ఫోన్. దాన్ని స్విచ్ఛాఫ్ చేశాం, కెపాసిటర్‌ని మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టాం. అయినా పెరిగింది. తను షార్ట్ చేసింది పది సెకన్లే. సన్నటి రంధ్రాల అడుగున మిగిలిన పాత ఛార్జి మెల్లగా ఎలక్ట్రోడ్ అంతటా సర్దుకుంటోంది. రాత్రంతా షార్ట్‌లో ఉంచాక మర్నాడు అంకె దాదాపు కదల్లేదు. "దానంతటదే ఛార్జ్ అవుతోంది" అనే వీడియో ఎవరైనా చూపిస్తే, ముందు ఎంతసేపు షార్ట్ చేశారో అడగండి.

అపోహ: 99 శాతం ఆపితే గొప్ప షీల్డింగ్.

వాస్తవం: అది 20 డెసిబెల్సే. ఈ కొలతలో ప్రతి 10 పెరిగితే దాటిపోయే తరంగం పదో వంతుకి తగ్గినట్టు. 2016లో 45 మైక్రోమీటర్ల మాక్సీన్ ఫిల్ము 92 డెసిబెల్స్ చూపించింది. ఏ ఫ్రీక్వెన్సీ, ఎంత మందం అని చెప్పకుండా శాతం ఒక్కటే రాస్తే ఆ ప్రకటన వదిలేయండి.

అపోహ: స్టిక్కర్ అతికిస్తే పోయేదేముంది?

వాస్తవం: యాంటెన్నాకి అది నిజంగా అడ్డొస్తే టవర్‌ని అందుకోవడానికి ఫోన్ ఇంకా ఎక్కువ పవర్‌తో పంపుతుంది. అడ్డు రాకపోతే అది ఉత్త స్టిక్కరే. ఆ తల్లికి ఇదే చెప్పి, ముందు దాన్ని పీకేయమన్నాను. బిడ్డ గురించి భయపడడం తప్పేమీ కాదు. ఫోన్‌ని పక్క మీంచి తీసి గది అవతల పెట్టమన్నాను. దూరం రెట్టింపైతే తీవ్రత సుమారు నాలుగో వంతుకి పడిపోతుంది, దానికి పైసా ఖర్చు లేదు.