కూలిన జర్మన్ విమానాలు: రేకు ముక్క దొరికితే చాలా?

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్ మీద కూలిన లుఫ్ట్‌వాఫ (జర్మన్ వైమానిక దళం) విమానాల ఆనవాళ్లు పట్టడం నా పని. పొలంలో దొరికిన ముక్కకీ పాత కాగితాలకీ లంకె కుదరాలి. కుదరకపోతే ముక్క ముక్కే.

అపోహ: నంబరు దొరికితే విమానం దొరికినట్టే.

ఏ నంబరో ముందు తేలాలి కదా! విమానం మొత్తానికి ఫ్యాక్టరీ ఇచ్చింది 'వెర్క్‌నుమ్మర్'. ఇంజిన్‌కి వేరే నంబరు, విడిభాగాలకి వేరే రేకులు. నేలలోకి దిగబడిపోయి మిగిలేది ఎక్కువగా ఇంజినే. మెస్సర్‌ష్మిట్ 109 ఫైటర్‌లో ఉండే డీబీ 601 ఇంజిన్‌ని మరమ్మతుకి దించి, ఇంకో విమానానికి బిగించేవాళ్లు. అందుకే ఇంజిన్ రేకు మీది నంబరుతో, జర్మన్లు కోల్పోయిన విమానాల జాబితా వెతికితే సాధారణంగా ఏమీ తగలదు. కాకతాళీయంగా తగిలిందా, అసలు చిక్కు అప్పుడే: వేరే పైలట్ పేరు మెడకి చుట్టుకుంటుంది. 1940లో శిథిలాల దగ్గరికెళ్లి రాసుకున్న బ్రిటిష్ ఇంటెలిజెన్స్ నివేదికల్నీ గుడ్డిగా నమ్మను, వాళ్లు రాసుకున్నదీ ఏ రేకు నంబరో తేలాలి కదా.

బాంబర్లయితే ఒంటి మీది అక్షరాలు ఆదుకుంటాయి. 1940 సెప్టెంబర్ 15న లండన్ విక్టోరియా స్టేషన్ దగ్గర పడిన డోర్నియర్ 17 మీద ఎఫ్1+ఎఫ్‌హెచ్ అని ఉంది. ఎఫ్1 అంటే కేజీ 76 అనే బాంబర్ దళం. తర్వాతి ఎఫ్ ఆ విమానానిది. చివరి హెచ్ ఆ దళంలోని ఒకటో స్టాఫెల్‌ది, అంటే చిన్న జట్టుది.

అపోహ: జర్మన్ల నష్టాల లెక్కలన్నీ అబద్ధాలే.

రేడియోలో చెప్పినవి అబద్ధాలే, సరే. లుఫ్ట్‌వాఫ సరఫరాలు చూసే క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాబితాలు మాత్రం సొంత అవసరానికి రాసుకున్నవి. పోయిందని రాయకపోతే కొత్త విమానం రాదు, ఇక దాచి ఏం లాభం? అదే సెప్టెంబర్ 15న బ్రిటన్ కూల్చామన్నది 185. నిజానికి కూలినవి 60 దాకా. విక్టోరియా డోర్నియర్ మీదే ఎంతోమంది కాల్పులు జరిపారు, ఒక్కటే ఎన్నో అయింది. ఆ జాబితాలు చదివేటప్పుడు విమానం ఎంత దెబ్బతిందో చెప్పే శాతాలు చూడండి: 100 అంటే పూర్తిగా పోయింది, 60 దాటితే పనికిరాదని లెక్క. 100 ఉన్నవే ఏరుకుంటే మీ లెక్కా తప్పుతుంది. 1944 జాబితాలు చాలావరకు మిగల్లేదు, అక్కడ శిథిలాలే గతి.

అపోహ: పైలట్ కళ్లారా చూశాడు, ఇంకేం కావాలి?

1940లో బ్రిటిష్ పైలట్లు 'హైంకెల్ 113'తో పోరాడామని రిపోర్టులు రాశారు. అలాంటి ఫైటరే దళాల్లో లేదు. కొన్ని హైంకెల్ 100లకి దొంగ గుర్తులు వేసి, ఫొటోలు తీసి జర్మన్లు వదిలిన ప్రచారం అది. ఒక్క శిథిలమూ దొరకలేదు. పాపం, వాళ్లు చూసింది చాలావరకు 109లనే!

అపోహ: శవం మెడలో గుర్తింపు బిళ్ల ఉంటే పేరు తెలిసిపోతుంది.

జర్మన్ బిళ్ల మీద పేరుండదు, దళం కోడూ నంబరూ ఉంటాయి. వాటి రికార్డులు బెర్లిన్‌లో జర్మన్ సైనికుల వివరాలు చూసే వాస్ట్ కార్యాలయంలో ఉండేవి, 2019లో ఆ కార్యాలయం జర్మన్ జాతీయ ఆర్కైవ్స్‌లో కలిసింది.

పార పట్టుకుని బయల్దేరేవాళ్లకి ఒక మాట. బ్రిటన్‌లో 1986 చట్టం ప్రకారం జర్మన్ విమానమైనా సరే, తవ్వడానికి రక్షణ శాఖ లైసెన్సు కావాలి. లోపల మనిషి అవశేషాలు ఉండొచ్చనిపిస్తే సాధారణంగా అది ఇవ్వరు.