గాలం వేసినవాళ్లు చెప్పే లెక్క

గాలం వేసేవాళ్ల మాట నమ్మొచ్చా అంటే ఎవరైనా నవ్వుతారు. బెత్తెడు చేపని మూరెడు చేసి చెప్పడం ఎక్కడైనా ఉన్నదే. కానీ అమెరికాలో సరదాకి సముద్రంలో చేపలు పట్టేవాళ్ల మీద 1979 నుంచి నడుస్తున్న సర్వేల సంగతి చూస్తే, కోతలు కోసేవాళ్లతో వచ్చిన చిక్కు తక్కువే అనిపిస్తుంది. అసలు తలనొప్పి నిజాయితీగా జవాబు చెప్పేవాళ్లతో.

వ్యాపారానికి పట్టిన చేప ఎక్కడో ఒకచోట అమ్ముడవుతుంది కాబట్టి కొన్నవాడి దగ్గర బరువుతో సహా రికార్డు ఉంటుంది. సరదాకి పట్టింది వంటింటికి పోతుంది, లేదా మళ్లీ నీళ్లలోకే పోతుంది. రసీదు ఎవరిస్తారు? పోనీ ఎవరో కొద్దిమందే కదా అని వదిలేద్దామా అంటే, 2022 జాతీయ సర్వే ప్రకారం ఆ దేశంలో ఆ ఏడాది చేపలు పట్టినవాళ్లు, 16 ఏళ్లు నిండినవాళ్లని మాత్రమే లెక్కేసినా, దాదాపు 4 కోట్లమంది. వీళ్లలో ఎక్కువమంది నదులు, సరస్సుల దగ్గరే కూర్చుంటారు, నిజమే. అయినా స్ట్రైప్డ్ బాస్ లాంటి కొన్ని సముద్రపు జాతుల్లో వ్యాపారం వాళ్లకన్నా వీళ్లు పట్టేదే ఎక్కువ.

ఇంతమంది వెంట తిరగడం కుదరదు కాబట్టి సముద్రం సర్వేలో రెండు సంఖ్యలు విడివిడిగా అంచనా వేసి గుణిస్తారు. జనం మొత్తం ఎన్నిసార్లు చేపలకి వెళ్లారన్నది ఒకటి, దాన్ని ఇళ్లకి పోస్టులో ఫారాలు పంపి తెలుసుకుంటారు. వెళ్లినప్పుడల్లా సగటున ఏ చేప ఎన్ని పడ్డాయన్నది రెండోది. దీనికోసం రేవుల దగ్గరా బీచ్‌ల దగ్గరా సర్వే మనుషులు నిలబడి, తిరిగొచ్చేవాళ్లని ఆపి, ఐస్ పెట్టె తెరవమని అడిగి, ఉన్న చేపల్ని గుర్తుపట్టి, కొలిచి, తూచి రాసుకుంటారు. కళ్లారా చూసిన చేప 'ఎ' రకం. చచ్చింది గానీ చూపించలేనిది, అంటే అప్పటికే ముక్కలు కోసిందో ఎరగా వాడేసిందో అయితే 'బి1'. బతికుండగానే నీళ్లలో వదిలేశామని చెప్పింది 'బి2'. మొదటి రకం మీద పెద్దగా పేచీ లేదు. మిగతా రెంటికీ ఆధారం పట్టినవాడి మాటే, అది ఏ జాతి అన్నదానితో సహా.

జాతి గుర్తుపట్టడం మనం అనుకున్నంత తేలిక కాదు. మోంటానా, ఐడహో ఏరుల్లో బుల్ ట్రౌట్ అని ఒకటుంది, అంతరించే ప్రమాదం ఉన్నందున చట్టం రక్షణ ఇచ్చిన చేప. అదే నీళ్లలో తూర్పు ప్రాంతం నుంచి తెచ్చి వదిలిన బ్రూక్ ట్రౌట్ కూడా తిరుగుతుంది, దాన్ని పట్టుకోవచ్చు. రెండూ చూడటానికి దగ్గరగా ఉంటాయి. అందుకే అక్కడివాళ్లకి ఒక చిట్కా నేర్పిస్తారు: వీపు మీది రెక్కలో నల్లమచ్చలు లేకపోతే వదిలెయ్. చేతిలో జారిపోతున్న చేప రెక్క విప్పి చూసే ఓపిక ఎంతమందికి ఉంటుందో మరి.

అరుదైన చేపలతో ఇంకో ఇబ్బంది. రేవులో ఆపిన కొద్దిమందిలో ఒక్కడి పెట్టెలో అలాంటిది కనబడితే చాలు, గుణకారం పూర్తయ్యేసరికి అది వేలకి చేరొచ్చు. ఎవరి దగ్గరా కనబడకపోతే ఆ ఏడాది అంచనా సున్నా. అందుకే ప్రామాణిక దోషం, అంటే అంచనా ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పే కొలత, ఆ అంచనాలో 50 శాతం దాటితే దాన్ని వాడొద్దని సర్వే నడిపే ఫెడరల్ సంస్థ నోవానే చెబుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎన్నిసార్లు వెళ్లారన్న ప్రశ్న ఒక ఎత్తు. మొదట్లో దీన్ని ల్యాండ్‌లైన్ ఫోన్లకి చేసి అడిగేవాళ్లు. ఫోనెత్తిన మనిషికి ఇంట్లో మిగతావాళ్లు ఎప్పుడు ఎక్కడికి వెళ్లారో తెలియాలని లేదు, పైగా ఆ ఫోన్లే ఇళ్లల్లోంచి మాయమవుతూ వచ్చాయి. కొన్నేళ్లు రెండు పద్ధతులూ పక్కపక్కన నడిపి చూసి, 2018లో పూర్తిగా పోస్టుకి మారారు. పోస్టు ఫారాల్లో ట్రిప్పుల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువొచ్చింది, ముఖ్యంగా ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్ల విషయంలో. దాంతో 1981 దాకా వెనక్కి వెళ్లి పాత అంకెలన్నీ సవరించారు.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. ఫారంలో గత 2 నెలల్లో ఎన్నిసార్లు వెళ్లారని ముందు, గత 12 నెలల్లో ఎన్నిసార్లని తర్వాత అడిగేవాళ్లు. ఒక చిన్న ప్రయోగంలో ఈ రెండు ప్రశ్నలని తారుమారు చేసి చూస్తే, ఒడ్డు మీదవాళ్లకీ సొంత పడవల వాళ్లకీ ట్రిప్పుల అంచనా 30 నుంచి 40 శాతం తగ్గింది! 2023లో ఈ సంగతి బయటపెట్టారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మూడు నెలల కిందటి మంచి ట్రిప్పుని చెప్పుకునే చోటు ముందే కనబడకపోతే మనిషి దాన్ని 2 నెలల గడిలోకే తోసేస్తాడు, నాకు తోచే కారణం ఇదే.

అంకె తగ్గింది కాబట్టి సముద్రంలో ఎక్కువ చేపలు మిగిలాయని సంబరపడటానికీ లేదు. ఇంత పట్టినా ఇంకా చేపలున్నాయంటే మొదట్లో ఎన్ని ఉండి ఉండాలి అని నిల్వల లెక్క వేసేటప్పుడు చూస్తారు. పట్టిన లెక్క పెరిగితే నిల్వ అంచనా కూడా పెరుగుతుంది, అది తగ్గితే ఇదీ తగ్గుతుంది. గాలం పట్టిన జనానికి ఇదంతా ఎవరు నచ్చజెప్పగలరు? వాళ్లకి కనబడేది చేపలు పట్టనిచ్చే సీజన్ ఎన్ని రోజులన్నదే. 2017లో గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఫెడరల్ జలాల్లో సొంత పడవల వాళ్లకి రెడ్ స్నాపర్ అనే చేప సీజన్ మొదట 3 రోజులని ప్రకటించారు, గోల గోల అయ్యాక పొడిగించారు. లూసియానా, అలబామా లాంటి రాష్ట్రాలు అప్పటికే సొంత సర్వేలు మొదలుపెట్టాయి.

వీటన్నిటికంటే బలహీనమైన అంకె వదిలేసిన చేపలది అని నా అభిప్రాయం. అట్లాంటిక్ తీరంలో పడిన స్ట్రైప్డ్ బాస్‌లో చాలా భాగం వదిలేస్తారు. అలా వదిలినవాటిలో 9 శాతం తర్వాత చచ్చిపోతాయని నిల్వల లెక్కలో అనుకుంటారు. వదిలేవి అన్ని ఉండబట్టి, 2020లో ఇళ్లకి తీసుకెళ్లినవాటికంటే వదిలాక చచ్చినవే ఎక్కువని తేలింది. ఆ వదిలిన చేపల్లో ఒక్కదాన్ని కూడా సర్వే మనిషి చూడలేదు. రేవులో ఆగినవాడు చెప్పిన సంఖ్యని, ఫారం నింపినవాడికి గుర్తున్న ట్రిప్పులతో గుణించి, అందులో 9 శాతం చచ్చాయని లెక్కేశారు.